సినిమా హక్కులకి ఈసీ దొరకదు: ఒక పాత బ్యానరు, మూడు సినిమాలు, ఒక ట్రంకు పెట్టె

ఈ కేసు రాయడానికి క్లయింటు ఒప్పుకున్నారు, కాకపోతే "మా ఊళ్లో చదివినవాళ్లకి మేమే అని తెలియకూడదండీ" అన్నారు. అందుకే ఊరు, బ్యానరు, సినిమాల పేర్లు ఏవీ రాయను. విడుదల సంవత్సరాలు కొంచెం అటూ ఇటూ జరిపాను, డబ్బు కూడా రూపాయల్లో చెప్పను.

నేను హైదరాబాద్‌లో సినిమా హక్కుల కాగితాలు చూస్తాను. పాత సినిమాలు కొనేవాళ్ల తరఫున కొన్నిసార్లు, అమ్మేవాళ్ల తరఫున కొన్నిసార్లు. వినడానికి బాగుంటుంది గానీ, చేసేది దాదాపు రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే డాక్యుమెంట్ రైటర్ పనే. తేడా ఒక్కటే. ఇంటి స్థలం కొనేటప్పుడు మనం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం, ముప్పై ఏళ్లలో ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో ఒక కాగితం మీద కనబడుతుంది. సినిమా హక్కుకి అలాంటి కాగితం ఏదీ లేదు. కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఉంది, అది చేయించుకున్నా చేయించుకోకపోయినా హక్కు ఉంటుంది. పైగా హక్కుని ఎవరికైనా రాసిచ్చినప్పుడు ఆ రాసివ్వడాన్ని ఎక్కడా నమోదు చేసి తీరాలని లేదు. ఇద్దరి మధ్య స్టాంపు పేపరు మీద టైపు చేసిన అగ్రిమెంటు, దాని ఒరిజినల్ ఎవరి బీరువాలో ఉంటే వాళ్లే రాజులు.

ఐపీ, అంటే మేధో సంపత్తి, మార్కెట్ అనగానే సెమినార్లలో దివాలా తీసిన కెనడా టెలికాం కంపెనీ నోర్టెల్ పేటెంట్ల కథ చెబుతారు, 2011లో 450 కోట్ల డాలర్లకి అమ్ముడయ్యాయని. లేదా 1997లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ తన పాత పాటల ఆదాయాన్ని చూపించి బాండ్లు అమ్మి 5.5 కోట్ల డాలర్లు తెచ్చుకున్న కథ చెబుతారు. మంచి కథలే. కానీ ఒక హక్కుని ముక్కలు చేసి, ఏరియాకో రేటు పెట్టి, గడువు పెట్టి అమ్మడం మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని మన సినిమావాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది అదే. సీడెడ్ అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన జిల్లాలు. దత్తమండలాలన్న మాట పోయింది, రాయలసీమ అన్న పేరొచ్చింది, కలెక్షన్ల లెక్కలో మాత్రం ఇంకా సీడెడ్డే. ఐపీ మీద అప్పులివ్వడం కూడా మద్రాసు ఫైనాన్షియర్లు ఎప్పుడో చేశారు. నిర్మాతకి అప్పిచ్చి, "నా అనుమతి లేకుండా ప్రింట్లు బయటికివ్వొద్దు" అని నిర్మాత చేత, ఫిల్ము కడిగి ప్రింట్లు తీసే ల్యాబుకి ఒక ఉత్తరం రాయించేవాళ్లు. దాన్నే ల్యాబ్ లెటర్ అంటారు. ఈ కేసులో అది మళ్లీ వస్తుంది.

వ్యాపారం ముందొచ్చింది, రికార్డు రాలేదు. మన మార్కెట్‌లో ఉన్న చిక్కంతా అదేనని నా నమ్మకం. థియేటర్ హక్కులు అమ్ముకునే రోజుల్లో అది పెద్ద నష్టం కాదు, ఎందుకంటే సినిమా ఆడేది కొన్నాళ్లే, ఏరియా అగ్రిమెంటు గడువు కూడా కొన్నేళ్లే. వీడియో క్యాసెట్ వచ్చింది, ఒక ముక్క. 1995లో తెలుగు శాటిలైట్ చానళ్లు వచ్చాయి, ఇంకో ముక్క. తర్వాత యూట్యూబ్, ఓటీటీ, హిందీ డబ్బింగ్, కామెడీ క్లిప్పులు, 2022 నుంచి హీరోల పుట్టినరోజులకి పాత సినిమాల 4కె షోలు. కొత్త ముక్క వచ్చిన ప్రతిసారీ ముప్పై ఏళ్ల కిందటి కాగితం తీసి "ఇది ఇందులో ఉందా లేదా" అని చదవాల్సిందే. రాసినవాడికి ఆ ముక్క ఒకటి పుడుతుందని తెలియదు పాపం.

పెట్టెతో వచ్చారు

క్లయింటు గోదావరి జిల్లాల్లో ఒక టౌన్లో హార్డ్‌వేర్ షాపు నడుపుతారు. నాన్నగారు, ఆయన స్నేహితుడు కలిసి 1986లో పార్ట్‌నర్‌షిప్ పెట్టి మూడు సినిమాలు తీశారు. ఒకటి 1987, రెండోది 1988, మూడోది 1990. మొదటిది బాగా ఆడింది, రెండోది పర్వాలేదు, మూడోది పోయింది. ఆ తర్వాత సినిమాల జోలికి వెళ్లలేదు. ఇప్పుడు ఇద్దరు పార్ట్‌నర్లూ లేరు.

ఆయన నా దగ్గరికి రావడానికి కారణాలు రెండు. ఒక డిజిటల్ కంపెనీ మూడు సినిమాలకీ కలిపి "సమస్త డిజిటల్ హక్కులు, శాశ్వతంగా, అవుట్‌రైట్" అని ఒక ఆఫర్ పెట్టింది. ఆ మొత్తాన్ని నూరు అనుకుందాం. రెండోది, ఆ ఆఫర్ వచ్చాక యూట్యూబ్‌లో వెతికితే మొదటి రెండు సినిమాలూ ఎవరెవరి చానళ్లలోనో అప్పటికే ఉన్నాయి. మొదటిదాని కింద వ్యూస్ లక్షల్లో.

"మా నాన్న తీసిన సినిమా సార్, మాకు తెలియకుండా ఎవడో అమ్ముకుంటున్నాడు. ముందు అది తీయించండి. తర్వాత మిగతాది మాట్లాడదాం."

ఆకుపచ్చ రంగు ఇనప ట్రంకు పెట్టె తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. మూత తీయగానే నాఫ్తలీన్ వాసన. పైన పెళ్లి ఆల్బమ్, దాని కింద శతదినోత్సవం షీల్డు, దాని కింద కాగితాలు. వాటితో పాటు ఇంకో సంచిలో రెండు రీలు డబ్బాలు. "అటక మీద దొరికాయండీ" అన్నారు. ఒక డబ్బా మూత తిప్పితే ఘాటుగా వెనిగర్ వాసన కొట్టింది, ఊరగాయ జాడీ తీసినట్టు. ఫిల్ము ముడుచుకుపోయి అంచులు అలలు తిరిగింది. ఎసిటేట్ ఫిల్ము పాడవుతుంటే వచ్చే వాసన అది. ఆ డబ్బాలు ఎందుకూ పనికిరావని అప్పుడే అర్థమైంది, ఆయనకి చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

కాగితాల్లో పనికొచ్చినవి ఇవి. పార్ట్‌నర్‌షిప్ డీడ్ ఉంది, ఫర్మ్ రిజిస్టర్ కాలేదు. మూడు సినిమాల సెన్సార్ సర్టిఫికెట్లు, మూడూ ఫర్మ్ పేరు మీదే. ఏరియా అగ్రిమెంట్లు, వీడియో క్యాసెట్ హక్కుల అగ్రిమెంట్లు, వీటి గడువులు ఎప్పుడో అయిపోయాయి. మొదటి సినిమాకి 1996లో ఒక శాటిలైట్ అగ్రిమెంటు. రెండోదానికి 1997లో వేరే పార్టీతో ఇంకో శాటిలైట్ అగ్రిమెంటు. మూడోదానికి శాటిలైట్ అమ్మకమేదీ లేదు, ఒక ఫైనాన్షియరుకి ఇచ్చిన ల్యాబ్ లెటర్ కార్బన్ కాపీ మాత్రం ఉంది.

నా మొదటి తప్పు

యూట్యూబ్‌లో ఉన్న మొదటి సినిమా మీద టేక్‌డౌన్, అంటే వీడియో తీసేయమని యూట్యూబ్‌కి నోటీసు, పెట్టాం. క్లయింటు కోపంలో ఉన్నారు, నేను కూడా 1996 అగ్రిమెంటు మొదటి పేజీ చూసి "శాటిలైట్ హక్కులే కదా, ఇంటర్నెట్ ఇందులో ఎక్కడుంది" అనుకున్నాను. అది ఆరు పేజీల అగ్రిమెంటు. నాలుగో పేజీలో శాటిలైట్, కేబుల్, పే టీవీ అని వరుసగా రాసి చివర "ఇటువంటి ఇతర ఎలక్ట్రానిక్ మాధ్యమాలన్నీ, ప్రపంచమంతటా, 99 సంవత్సరాలు" అని ఒక వాక్యం ఉంది. అది నేను నోటీసు పంపాక చదివాను. ఎప్పుడూ చేయని పని, ఆ రోజు చేశాను.

అవతలివాళ్లు ఆ శాటిలైట్ పార్టీ దగ్గర హక్కులు కొనుక్కున్నవాళ్లే, లింకు కాగితాలన్నీ ఉన్నాయి. కౌంటర్ నోటీసు పంపారు. అది వచ్చాక 10 పనిదినాల్లో మనం కోర్టుకి వెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. కోర్టుకి వెళ్లాలా వద్దా అని ఒక ఆదివారమంతా కూర్చుని ఆలోచించాం. ఆ "ఇతర ఎలక్ట్రానిక్ మాధ్యమాలు" అన్న మాటలోకి యూట్యూబ్ వస్తుందా? రాదని వాదించొచ్చు, ముందు చెప్పిన మూడూ టీవీకి సంబంధించినవి కాబట్టి ఆ "ఇటువంటి" అన్నదీ టీవీ వరకే అని. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమాలకి ఆ ఒప్పందం, వాటిని పేరుపెట్టి చెబితే తప్ప, వర్తించదని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో స్పష్టంగా పెట్టారు, కానీ 1996 నాటి కాగితానికి దాన్ని వెనక్కి పట్టుకెళ్లడం మీద నాకు ధైర్యం లేదు. వస్తుందని వాళ్లూ అంతే గట్టిగా వాదించగలరు. ఫర్మ్ రిజిస్టర్ కాలేదు, పార్ట్‌నర్లు లేరు, వారసుల్లో ఎవరు దావా వేయాలో తేలలేదు. ఈ స్థితిలో దావా వేస్తే మన పేపర్లలో ఉన్న కన్నాలన్నీ మనమే కోర్టులో చూపించుకున్నట్టు. వద్దన్నాను. పదో రోజు తర్వాత వీడియో తిరిగొచ్చింది. క్లయింటు వారం రోజులు ఫోన్ ఎత్తలేదు.

అసలు నష్టం వీడియో తిరిగి రావడం కాదు. మొదటి సినిమాకి చెప్పుకోదగ్గ క్వాలిటీలో మిగిలిన ఒకే ఒక్క కాపీ, టీవీవాళ్లు వాడే బీటాక్యామ్ వీడియో టేపు, ఆ శాటిలైట్ పార్టీ దగ్గరే ఉందని తర్వాత తెలిసింది. నెగటివ్ పెట్టిన ల్యాబు మూసేశారు, ఆ డబ్బాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. టేపు ఎవరి చేతిలో ఉందో వాళ్లతోనే నేను గొడవ పెట్టుకున్నాను.

పబ్లిక్ నోటీసు

రెండో ప్రయత్నం కూడా బెడిసికొట్టింది. డిజిటల్ కంపెనీ లాయరు "మీ టైటిల్ (యాజమాన్య హక్కు) క్లియర్‌గా ఉందని చూపించండి" అంటే, పత్రికలో పబ్లిక్ నోటీసు ఇద్దాం, 15 రోజుల్లో ఎవరూ రాకపోతే అదే రుజువు అని ఇచ్చాం. ముగ్గురు వచ్చారు. పార్ట్‌నర్ గారి కొడుకులు, "సగం మాది" అని. ఫైనాన్షియరు కుటుంబం, "మూడో సినిమా మొత్తం మాది, నెగటివ్ మా దగ్గరే ఉంది" అని. మూడో ఆయన రీమేక్ హక్కులు తనకిచ్చారని, 1991లో నాన్నగారు రాసిన ఉత్తరం ఉందని. ఆ ఉత్తరం జిరాక్సు కూడా ఆయన ఎప్పుడూ చూపించలేదు, అది వేరే విషయం.

నోటీసుకి జవాబులు రావడంతో కంపెనీ ఆఫర్ నూరు నుంచి యాభైకి దింపింది. వాళ్ల తప్పేం లేదు. మార్కెట్‌లో అనుమానానికి కూడా ఒక రేటు ఉంటుంది, ఆ రేటు అమ్మేవాడి వాటాలోంచే పోతుంది. పబ్లిక్ నోటీసు అనేది కొనేవాడు డబ్బు కట్టే ముందు తన జాగ్రత్త కోసం ఇచ్చుకునేది. అమ్మేవాడు బేరం మధ్యలో ఇస్తే "రండి, పేచీ పెట్టండి" అని టముకు వేయించినట్టే. అయితే ఇక్కడ నేను పూర్తిగా చింతించను. ఆ ముగ్గురూ ఎప్పటికైనా వచ్చేవాళ్లే. అమ్మకం అయ్యాక వచ్చుంటే ఏమయ్యేదో తర్వాతి విషయం చదివితే తెలుస్తుంది.

ఆ యాభైకైనా ఇచ్చేద్దాం అన్నారు క్లయింటు, విసిగిపోయి. డ్రాఫ్టు తెప్పించాను. అందులో ఇండెమ్నిటీ క్లాజు, అంటే రేపు ఎవరైనా హక్కుదారులు పుట్టుకొస్తే కంపెనీకి అయ్యే నష్టం, కోర్టు ఖర్చు అంతా క్లయింటు భరించాలి, పరిమితి లేదు. నేను ఆయన్ని ఒకటే అడిగాను, "షాపు ఎవరి పేరు మీద ఉందండీ?" ఆయన పేరే. ఇల్లూ ఆయన పేరే. ముగ్గురు పేచీదారులు ఎదురుగా కనబడుతుంటే ఆ క్లాజు కింద సంతకం పెట్టడమంటే, యాభై తీసుకుని షాపుని పందెం కాయడం. ఇండెమ్నిటీకి వచ్చిన మొత్తం వరకే పరిమితి పెట్టమన్నాం, కుదరదన్నారు. అక్కడితో ఆ బేరం చచ్చిపోయింది. ఆర్నెల్లు పోయాయి, చేతిలో ఏమీ లేదు.

ఎవరిది ఎంత కాదు, ఎవరు సంతకం పెట్టాలి

ఇక్కడ దారి మార్చాం. అప్పటిదాకా మేము "హక్కు ఎవరిది" అనే ప్రశ్నకి జవాబు వెతుకుతున్నాం. అది తేలడానికి తరం పడుతుంది. లైసెన్స్ తీసుకునేవాడికి నిజానికి కావాల్సింది అది కాదు. తను ఎవరి సంతకం తీసుకుంటే రేపు మిగతావాళ్లు నోరెత్తకుండా ఉంటారో, అది చాలు. వాటాల గొడవ కుటుంబాల్లోపల ఎంతైనా సాగనీ.

అందుకని ముందు రెండు కుటుంబాల్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాం. క్లయింటు వైపు అమ్మగారు, అన్నయ్య, అక్క, ఆయన. పార్ట్‌నర్ వైపు ఇద్దరు కొడుకులు. అన్నయ్యతో ఇబ్బంది లేదు. అక్కయ్య అమెరికాలో ఉంటారు. "నాన్న చనిపోయినప్పుడు పొలం కాగితాల మీద కూడా ఇలాగే సంతకం పెట్టించుకున్నారు" అన్నారు ఆమె వీడియో కాల్లో. అంతే, ఇంక అటునుంచి మాట లేదు. నేను ఆ పొలం విషయం అడగలేదు, నాకు సంబంధం లేదు. కానీ ఆమె అడ్డుపడుతున్నది సినిమా గురించి కాదని అర్థమైంది. ఆమె వాటా ఆమె అకౌంట్లోకి నేరుగా, అన్నదమ్ముల చేతుల మీదుగా కాకుండా వెళ్లేలా రాశాం. స్టేట్‌మెంటు కూడా ఆమెకి విడిగా మెయిల్ వస్తుంది. వారంలో ఒప్పుకున్నారు. కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపారు, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, చాలామంది ఇది మర్చిపోయి కాగితాన్ని పనికిరాకుండా చేసుకుంటారు.

పార్ట్‌నర్ కొడుకులతో వాటా మీద పేచీ తేలలేదు. డీడ్‌లో 60:40 అని ఉంది, వాళ్లు సగం అంటున్నారు. తేలకపోయినా పర్వాలేదన్నాం. వచ్చే డబ్బులో 50 ఒక వైపు, 40 ఒక వైపు, పేచీ ఉన్న 10 మాత్రం జాయింట్ అకౌంట్లో, తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ పది క్లయింటు వాళ్ల 60లోంచే వస్తుంది, అందుకే ఆయనకి రుచించలేదు. "గొడవ లేకుండా యాభై చేతికి రావడం మేలా, గొడవతో అరవై కాగితం మీద ఉండటం మేలా" అని అడిగాను. లైసెన్సింగ్ వరకు సంతకం పెట్టే అధికారం క్లయింటు ఒక్కరికే, శాశ్వతంగా అమ్మాలంటే మాత్రం అందరూ పెట్టాలి. నాలుగు పేజీల కాగితం. ఈ కేసు మొత్తంలో ఎక్కువ విలువైన డాక్యుమెంటు అదేనని ఇప్పటికీ అంటాను.

సినిమాకో షీటు

తర్వాత మూడు సినిమాల్నీ ఒక మూటగా చూడటం మానేశాం. ఒక్కో సినిమాకి ఒక షీటు. అడ్డంగా హక్కుల ముక్కలు, అంటే థియేటరు, టీవీ, యాడ్స్‌తో నడిచే డిజిటల్, సబ్‌స్క్రిప్షన్ డిజిటల్, హిందీ డబ్బింగ్, రీమేక్, క్లిప్పులు, పాటలు, వీడియో క్యాసెట్. నిలువుగా ఎవరికిచ్చాం, ఏ కాగితం, ఎప్పటిదాకా, ఏ దేశాలకి, అనుమానం ఎంత. వీడియో క్యాసెట్ కాలమ్‌లో విలువ సున్నా అని రాశాను. ఆ సున్నా గుర్తుపెట్టుకోండి.

షీట్లు పూర్తయ్యాక చూస్తే రెండో సినిమా మెరిసింది. 1997 శాటిలైట్ అగ్రిమెంటులో ఎన్నాళ్లకి అన్నది రాయనే లేదు. "ప్రపంచ శాటిలైట్ హక్కులు ఇచ్చితిమి" అని ఉంది, అంతే. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లే. ఈ నియమం 1994 సవరణతో వచ్చింది, 1995 మే 10 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు రాసుకున్న ఒప్పందాలకి వర్తించదు. మనది 1997. అంటే 2002లోనే ఆ హక్కు ఇంటికి తిరిగొచ్చేసింది, ఇరవై ఏళ్లుగా ఇంట్లోవాళ్లకే తెలియదు. యూట్యూబ్‌లో పెట్టినవాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు. ఈసారి అగ్రిమెంటు చివరి పేజీ దాకా రెండుసార్లు చదివి, జతచేయాల్సినవన్నీ జతచేసి నోటీసు పంపాం. కౌంటర్ రాలేదు.

ఈ ఒక్క సినిమాని యాడ్స్ డిజిటల్‌కి మాత్రమే, ఐదేళ్లకి మాత్రమే, మినిమం గ్యారంటీ (ఆదాయం ఎంతొచ్చినా ఖాయంగా ఇచ్చే మొత్తం) మీద ఆదాయంలో వాటాతో ఇచ్చాం. మినిమం గ్యారంటీ నలభై వచ్చింది. మొదట మూడు సినిమాలకీ శాశ్వతంగా ఇస్తానన్నది నూరు, అది గుర్తుంచుకుని చూడండి. ఇండెమ్నిటీకి పరిమితి కూడా ఒప్పుకున్నారు, ఎందుకంటే భయపడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇక్కడ కూడా ఒకటి వదిలేశాను. సినిమా అప్‌లోడ్ చేసిన రోజే ఐదు పాటల మీద ఆడియో కంపెనీ నుంచి ఆటోమేటిక్ క్లెయిములు పడ్డాయి. 1988 నాటి ఆడియో అగ్రిమెంటు వాళ్లది పక్కాగా ఉంది. షీటులో పాటలకి కాలమ్ పెట్టిందీ నేనే, అది వాళ్లదని రాసిందీ నేనే, లైసెన్స్ ఇచ్చేముందు వాళ్లతో మాట్లాడంది కూడా నేనే. మూడు నెలల ఆదాయం ఆ క్లెయిముల్లో ఇరుక్కుంది, చివరికి వాటా పంచుకోవడానికి ఒప్పుకున్నారు.

టేపు వాళ్లది, ముక్కలు మావి

మొదటి సినిమా దగ్గరికి మళ్లీ వెళ్లాం, ఈసారి నోటీసుతో కాదు, పళ్లతో. నిజంగానే, క్లయింటు వాళ్ల తోటలో మామిడిపళ్లు ఒక బుట్ట పట్టుకెళ్లారు. ఆ కంపెనీలో కూర్చునే పెద్దాయనకి నాన్నగారు తెలుసు.

నా లెక్క ఇది. యూట్యూబ్ వాళ్లదా మనదా అన్నది తేలదు. కానీ హిందీ డబ్బింగ్, రీమేక్, 4కె థియేటర్ షోలు ఏ ఎలక్ట్రానిక్ మాధ్యమం కిందికీ రావు, అవి కచ్చితంగా మనవి. వాళ్ల దగ్గర టేపు ఉంది, మన దగ్గర ఆ టేపుతో ఏదైనా చేసే హక్కు ఉంది. ఇద్దరం విడిగా ఉంటే ఇద్దరికీ సగం సరుకే. పైగా వాళ్లు 99 ఏళ్లని రాసుకున్నా కాపీరైట్ అన్నేళ్లుండదు. సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లే, 1987 సినిమాకి 2047 చివరితో సరి. ఈ మాట చెబితే పెద్దాయన నవ్వి, "అప్పటికి మనం ఉంటామా, మామిడిపళ్లు ఉంటాయా" అన్నారు.

ఒప్పందం ఇలా కుదిరింది. తెలుగు యూట్యూబ్ వాళ్లే నడుపుకుంటారు, మూడోవంతు మనకిస్తారు. ఎవరి వాదన వాళ్లు వదులుకున్నట్టు కాదని ముందే రాసుకున్నాం. టేపు డిజిటల్ కాపీ మనకిస్తారు. హిందీ డబ్బింగ్ మనం ఎవరికిచ్చినా అడ్డుచెప్పరని ఎన్ఓసి ఇస్తారు. నాలుగేళ్లకి మళ్లీ కూర్చోవాలి. నాలుగేళ్లన్నది నేను కావాలని పెట్టాను, ఎందుకంటే మార్కెట్ రేటు ఎటు పోతుందో తెలియనప్పుడు ఎక్కువ ఏళ్లకి కట్టేసుకోవడం ఇద్దరికీ మంచిది కాదు. క్లయింటుకి మూడోవంతు తక్కువ అనిపించింది. నాకూ కొంచెం అనిపించింది, సగం దాకా లాగొచ్చేమో. కానీ ఆ టేక్‌డౌన్ గొడవ తర్వాత వాళ్ల ముందు గట్టిగా కూర్చునే మొహం నాకు లేదు.

నెగటివ్ కాపాడినవాళ్లు

ఫైనాన్షియరు కుటుంబమంటే మాకు మొదటి నుంచీ టెన్షన్. తీరా వెళ్లి చూస్తే, ల్యాబు మూసేటప్పుడు ఫైల్లో ల్యాబ్ లెటర్ ఉండటం వల్ల మూడో సినిమా నెగటివ్‌ని వాళ్లకి అప్పగించారు. వాళ్లు దాన్ని ఆఫీసులో ఏసీ గదిలో పెట్టి, ఏడాదికోసారి డబ్బాలు తెరిపించి చూసుకుంటూ వచ్చారు. నిర్మాతల చేతుల్లో ఉన్న రెండు సినిమాల నెగటివ్‌లు పోయాయి, అప్పులోళ్ల చేతిలో ఉన్నది బతికింది.

వాళ్ల వాదన, అప్పు తీరలేదు కాబట్టి సినిమా మాదే అని. చట్టపరంగా ల్యాబ్ లెటర్ హక్కు బదిలీ కాదు, అప్పు తీరేదాకా ప్రింట్లు ఆపే ఏర్పాటు మాత్రమే. నిర్మాత హక్కుని రాసిచ్చినట్టు సంతకం ఉన్న కాగితం వేరే ఉండాలి, వాళ్ల దగ్గర లేదు. మన ట్రంకు పెట్టెలో శుభలేఖల కట్టలో ఒక చిన్న రసీదు దొరికింది, 1993ది, "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని, రెవెన్యూ స్టాంపు మీద వాళ్ల నాన్నగారి సంతకం. దాన్ని బల్ల మీద విసిరి "ఇదిగో" అనాలని క్లయింటు ఉబలాటపడ్డారు. వద్దన్నాను. రసీదు చూపిస్తే వాళ్ల వాదన పోతుంది గానీ నెగటివ్ వాళ్ల గదిలోంచి బయటికి రాదు. మూడు దశాబ్దాలు ఏసీ కరెంటు బిల్లు కట్టినవాళ్లని ఒక కాగితంతో కొట్టి పంపడం న్యాయంగా కూడా అనిపించలేదు.

ముందు నెగటివ్ దాచినందుకు థాంక్స్ చెప్పి, వచ్చే ఆదాయంలో పావువంతు ఇస్తామన్నాం, రసీదు ఆ తర్వాత, కాఫీ తాగుతూ, పక్కన పెట్టినట్టు చూపించాం. ఆ ఇంటి అబ్బాయి సంతకాన్ని చాలాసేపు చూశాడు. "మా నాన్నదే" అన్నాడు. ఐదో వంతుకి తెగింది.

అది పోయిన సినిమా కాబట్టి ఎక్కడా లేదు, టీవీలో రాలేదు, యూట్యూబ్‌లో లేదు. ఒక పాత కమెడియన్ ట్రాక్ ఉండటంతో క్లిప్పులకి అడుగుతున్నారు. మంచి నెగటివ్ ఉంది కాబట్టి 4కె స్కాన్‌కి ఒక పార్టీ ముందుకొచ్చింది. మూడు సినిమాల్లో దీనికే మంచి రేటు పలుకుతుందని నేనైతే కలలో కూడా అనుకోలేదు.

స్కానింగ్‌లో తొమ్మిదో రీలు సౌండ్ నెగటివ్ లేదని బయటపడింది. బొమ్మ ఉంది, మాట లేదు. పది నిమిషాల సినిమా, క్లయిమాక్స్ ముందు ఘట్టం. డబ్బింగ్ మళ్లీ చెప్పిద్దామంటే ఆ నటుల్లో ఇద్దరు లేరు. రెండు నెలలు ఆగింది పని. చివరికి క్లయింటు వాళ్ల వీధిలో ఒకప్పుడు వీడియో పార్లర్ నడిపిన ఆయన ఇంట్లో ఆ సినిమా క్యాసెట్ ఉంది. ఆడదేమో అనుకున్నాం, ఆడింది. తొమ్మిదో రీలు మాటలు ఆ క్యాసెట్ లోంచే తీసి కలిపారు, మోనో సౌండు, వెనక సన్నగా గరగర. షీటులో వీడియో క్యాసెట్ కాలమ్ దగ్గర నేను రాసిన సున్నా ఇంకా అలాగే ఉంది, క్లయింటు దాన్ని నాకు అప్పుడప్పుడు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపుతుంటారు.